పేపరు గోడ

ధనుర్మాసం. మత్తికెరెలో ఏడున్నరైనా
ఎదురింటి నీళ్ల ట్యాంకు కనిపించదు.
మేడ మీద రెండు పెట్టెలు.
పెట్టెకు నాలుగు కాళ్లు, కాలికో కొబ్బరి చిప్ప,
చీమలు దాటకుండా చిప్పల నిండా నీళ్లు.

మూత తీయను. తీస్తే వెచ్చదనం ఖర్చయిపోతుంది.
చెవి ఆనించి వేలితో ఒక్కసారి తడతాను.
మొదటి పెట్టె కసురుకున్నట్టు
ఉస్సుమంటుంది. బతికే ఉన్నారు.
రెండోది కాసేపు ఆలోచించి
ఎక్కడో అడుగున సన్నగా మూలుగుతుంది.

వెనక నుంచి ఒంటిచేత్తో ఎత్తి చూశాను.
మొన్నటి బరువు లేదు.
నాలుగు జాకెట్ల కుట్టుకూలి కిలో చక్కెరయింది,
సమానంగా నీళ్లు పోసి కరిగించాను.
పొద్దు గూకాకే పెట్టాలి,
పగలు పెడితే పక్కపట్టు దొంగలు వాలతారని
గంగులప్ప మొదటి రోజే చెప్పాడు.

శనివారం ఆయన దొడ్డబళ్లాపురం బస్సు దిగి
సంచిలోంచి ముందు అనపకాయలు తీసి నాకిచ్చాడు,
తర్వాత కత్తి.
రెండో పెట్టె తెరిచి చట్రాలు ఒక్కొక్కటే ఎత్తి
"ఇది శివరాత్రి దాకా ఆగదమ్మా, కలిపేద్దాం" అన్నాడు.
కలిపితే రాణులు ఇద్దరుండకూడదు.
"నువ్వా, నేనా?"
నేనే అన్నాను. ఎందుకన్నానో.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
దారం తెగినంత చప్పుడు కూడా రాలేదు.

ఆయన మొదటి పెట్టె మీద నిన్నటి పేపరు పరిచి
నా సూదే తీసుకుని ఏడెనిమిది బెజ్జాలు పొడిచి
తల్లి లేని ఇంటిని దానిమీద ఎక్కించాడు.
నేరుగా కలిస్తే చంపుకుంటారట.
పేపరు కొరుక్కుంటూ వచ్చేలోపు
ఒకరి వాసన ఒకరికి అలవాటవుతుందట.

మూడో నాడు గుమ్మంలో ఊకలా కాగితం:
కన్నడ ఒత్తులు, బంగారం ధర తోక,
ఎవరిదో పెళ్లిప్రకటనలో సగం.
శవాలు లెక్కపెట్టాను. పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను.

శివ శివా అంటూ చలి వెళ్లిపోయింది.
వీధి చివర కానుగ పూసి
స్కూటర్ల సీట్లన్నీ పేలాలు ఆరబోసినట్టున్నాయి.
కాళ్లకు పుప్పొడి మూటలతో దిగుతుంటారు,
ఎవరు ఏ ఇంటివాళ్లో నేనిప్పుడు చెప్పలేను.
తేనె సంగతి అడిగితే గంగులప్ప
"ఈ ఏడు వాళ్లది వాళ్లకే" అన్నాడు.

ఖాళీ పెట్టె కింద చిప్పల్లో
ఇప్పటికీ నీళ్లు పోస్తూనే ఉన్నాను.
లోపల ఎవరూ లేరని
చీమలకు తెలియదు కదా.