అరవై మూడు దగ్గర

అరవై మూడు శాతం దగ్గర
మళ్ళీ నీలం తెర.

పెన్‌డ్రైవ్ మార్చాను. డిస్కు మార్చాను.
ర్యామ్ ముక్కలు రెండూ ఊడదీసి
గుమాస్తా కూతురి రబ్బరుతో పళ్ళు తోమి
ఒకసారి ఇది, ఒకసారి అది.
ఫ్యాను విప్పితే
చీమకుర్తి కొండ సగం లోపలే ఉంది
నల్లగా, మెత్తగా, గెలాక్సీ మెరుపుతో సహా.
ఊదాను. దగ్గాను.
అరవై మూడు. నీలం.

"విండోస్ దొంగదేమో," అన్నాడు మాలకొండయ్య,
పోయినసారి వేసింది నేనేనని మర్చిపోయి.

పక్క షెడ్డులో కటింగ్ మిషను రాయిని కరిచింది.
గ్లాసులో టీ వణికింది.
ట్యూబులైటు కళ్ళు చికిలించింది.
తెర నీలమైంది.
అన్నీ ఒక్కసారే.

పవర్ సప్లై డబ్బా విప్పాను.
తల ఉబ్బిన కెపాసిటర్ ఒకటి,
కూలి పోతుందని
జ్వరం దాచుకున్న మనిషిలా
వరసలో నిలబడే ఉంది.

ఒంగోలు ఆఖరి బస్సులో కొత్త డబ్బా దిగింది.
మిషను కోస్తూనే ఉంది.
అరవై నాలుగు.
మాలకొండయ్య కుర్చీలోంచి లేచాడు.
తొంభై దాకా కూర్చోలేదు.

చివర్న పెట్టె పేరడిగింది.
"కంపెనీదా,
నాదా?"
అన్నాడు మెల్లగా.