తరుగు

ఇరవై రెండేళ్లుగా
సగటు అంటే ఏమిటో బోర్డు మీద రాస్తున్నాను.
అన్నీ కూడండి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించండి.
రాసుకునేవాళ్లు. కింద గీత కొట్టుకునేవాళ్లు.
ఐదు మార్కులకి తప్పకుండా వస్తుందనేవాణ్ణి.
వచ్చేది కూడా,
ఏటా తిరునాళ్లకి దిగే చుట్టం మాదిరి.

ఈ ఏడు
మూడో వరసలోంచి మస్తాన్‌బీ లేచింది.
"సార్, పొదలకూరు యార్డులో నిమ్మకాయల సగటు ధర
బస్తా వెయ్యీ నూట నలభై అని పేపర్లో ఏశారు.
మా అబ్బాకి అంత ఎప్పుడూ రాలేదే.
ఆ ధర ఎవరికిచ్చారు సార్?"

క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

నెల్లూరు నుంచి యార్డుకి బస్సు మాట్లాడితే
ప్రిన్సిపాల్ అడిగినది ఒక్కటే:
"మరి సిలబస్ ఎప్పుడు పూర్తిచేస్తారు?"
జవాబు లేదు నా దగ్గర. ఉన్నట్టు తలూపాను.

ముప్పైయొక్క మంది, ముప్పైయొక్క నోటుబుక్కులు.
దిగీ దిగగానే నేరుగా గుమాస్తా దగ్గరికి పోయి
"సగటు ఎంత?" అని అడిగారు.
ఆయన చెప్పాడు.
ఐదు నిమిషాల్లో
ముప్పైయొక్క పుస్తకాల్లో ఒకే అంకె,
కింద గీతతో సహా.
తప్పు వాళ్లది కాదు. ఆ గీత నాదే.

టీ తాగొచ్చి, గుమాస్తాని వదిలేసి
ఎవరినైనా అడగండి అన్నాను.
ఏమడగాలి సార్ అన్నారు.
అదీ మీరే చూసుకోండి అన్నాను.
నాకూ తెలియదని చెప్పడానికి ఇంకా ధైర్యం చాల్లేదు.

పండుకాయ, పచ్చికాయ, మచ్చకాయ
వేళ్లతోనే చూసి విడదీస్తున్న చెంచమ్మ ముందు
పెంచలయ్య గొంతుక్కూర్చున్నాడు.
"బస్తాకి ఎన్ని కాయలు పడతాయవ్వా?"
"యాడి బస్తా నాయనా,
ఒకటి ఇంకోదాని మాదిరుంటే గదా చెప్పేదానికి!"

కాటా దగ్గర మస్తాన్‌బీ కదలకుండా నిలబడింది.
ముల్లు ఒకటి చెప్పింది, చీటీ ఒకటి చెప్పింది.
మధ్యలో మూడు కిలోలు కనబడలేదు.
"తరుగు" అన్నాడు కమీషన్ కొట్టు యజమాని.
"మూడే ఎందుకు?"
"మా నాయన నాటి నించీ మూడే."
"రెండు ఎందుకు కాదు?"
ఆయన పెన్ను కింద పెట్టాడు.
కోప్పడతాడనుకున్నా.
నా వైపు తిరిగి, చేతులు జోడించి,
"బాగున్నారా సార్? మీ స్టూడెంట్నే, వేంగళరావుని.
పేపరోళ్లకి సగటు కట్టిచ్చేది నేనే.
మీరు చెప్పినట్టే కడతా సార్,
తేడా రానీను" అన్నాడు.

అందరికీ సోడాలు కొట్టించాడు.
నిమ్మకాయ పిండిన సోడా.
నా గొంతులోంచి దిగలేదు.

నిజమే, తేడా రానివ్వడు.
తేడా ఏమిటని అడగడమే నేను నేర్పలేదు.
నా క్లాసులో కూర్చున్న ప్రతివాడి ప్రశ్నలోనూ
ఎన్ని కిలోలు తీసేసుకున్నానో
ఏ చీటీ మీదా రాయలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒకటే గోల.
తరుగు కలిపి కట్టాలని మస్తాన్‌బీ,
కలిపితే రేటు మారదు బరువు మారుతుందని ఇంకొకడు,
మచ్చకాయని అసలు లెక్కలోకి తెచ్చిందెవరని వెనక సీటు.
ఉన్నట్టుండి పెంచలయ్య కడ్డీ పట్టుకుని లేచాడు:
"నలభై బస్తాలు అమ్మినోడూ
ఒక్క బస్తా అమ్మినోడూ
కూడికలో ఇద్దరూ ఒక్కటేనా?
ఎవురిది ఎంతుందో చూడబళ్లేదా?"

ఆ మాటకి పుస్తకంలో ఒక పేరుంది.
నాలుగో యూనిట్, రెండో పేజీ, సూత్రంతో సహా.
నాలిక చివరి దాకా వచ్చింది.

మరుపూరు దాటింది బస్సు.
నెల్లూరు ఇంకా దూరముంది.
పళ్ల మధ్య పట్టి ఉంచాను ఆ పేరుని,
నిమ్మగింజ మాదిరి.
కొట్లాడుకోనీ ఇంకాసేపు.