పర్యాయపదాలు

మెడలో ఆ కార్డు పడేదాకా నేను
అంబర్‌పేటలో ఐదో తరగతికి తెలుగు చెప్పే సువార్త టీచర్‌ని.
చాక్‌పీసుని గోరంతయ్యేదాకా వాడి
ఆ ముక్కనీ హ్యాండ్‌బ్యాగులో వేసుకునేదాన్ని.
పిల్లలు అరిస్తే నేనూ అరిచి
తర్వాత నవ్వేసేదాన్ని.

కార్డు మీద రెండే మాటలు: ప్రిసైడింగ్ ఆఫీసర్.
బోరబండలో నాది కాని బడి,
నాది కాని కుర్చీ,
గోడ మీద ఎవరో పిల్ల గీసిన నెమలికి మూడు కాళ్లు.
ముందురోజు రాత్రి ఆ గదిలోనే చాపలు పరుచుకున్నాం.
బళ్లో వంట చేసే సాయవ్వ
స్టీలు డబ్బాలో టమాట పప్పు తెచ్చి
"తిను బిడ్డ, రేపు తింటవో లేదో" అంది.
చెయ్యి తుడుచుకోమని తన కొంగు ఇచ్చింది.
తుడుచుకున్నాను.

పొద్దున ఏడింటికి
నా గొంతు నాకే కొత్తగా వినబడింది.
"సెల్‌ఫోన్లు బయట. ఒకరి తర్వాత ఒకరు."
ఎవరూ నేర్పలేదు.
పార్టీల ఏజెంట్లు మూడో తరగతి బెంచీల్లో
మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు.
గంట గడిచేసరికి
ఒకడు పక్కవాడి పెన్ను లాక్కున్నాడు.
ఇంకొకాయన, బట్టతల, యాభై దాటినవాడు,
నాకు చిటికెనవేలు ఎత్తి చూపించాడు.
తల ఊపాను.
నయం, "పోయి రా" అనబోయి ఆగాను.

పదిన్నరకి వరసలో సాయవ్వ.
పెట్టెలోంచి తీసిన చీర, నూనె రాసి దువ్విన జుట్టు.
నన్ను చూసి నవ్వింది.
జాబితాలో సాయమ్మ. కార్డులో సాయవ్వ.
బెంచీల్లోంచి ఒక చెయ్యి లేచింది:
"మా గల్లీల్నే ఉంటది మేడం, మాకెరుకే."
"మిమ్మల్ని అడగలేదు."
చెయ్యి దిగింది.
"ఈమె ఎవరు?" అన్నాను.
ఆమెనే చూస్తూ, ఆమెను కాదు, గదిని అడిగాను.
"వేరే ప్రూఫ్ తెచ్చుకోమనండి."

అవ్వ అన్నా అమ్మ అన్నా ఒకటేనని
ఏటా పర్యాయపదాల పాఠంలో చెప్పి
రాయనివాళ్లకి అర మార్కు కోసేది నేనే.

సాయవ్వ వాదించలేదు.
నవ్వుని మడిచి
కార్డుతోపాటు రవికెలో పెట్టుకుని వెళ్లింది.

మధ్యాహ్నం అన్నం ఆమే వడ్డించింది.
చేతిలో గరిటె ఉంది కదా,
"జరుగుర్రి, లైనుల నిలవడుర్రి" అని
కానిస్టేబుల్‌నే గదమాయించింది.
నా ప్లేటు దగ్గర గరిటె ఒక్క క్షణం ఆగిందా?
లేదేమో. నేనే ఆగానేమో.
"చారు పొయ్యాల్నా మేడం?"
రాత్రి బిడ్డని.

నాలుగున్నరకి జనం పలచబడ్డాక
ఊరికే రూల్సు పుస్తకం తిప్పాను.
పేర్లలో చిన్నచిన్న అక్షరదోషాలుంటే
పట్టించుకోనక్కర్లేదని ఉంది.
దాని కింద గీత కూడా ఉంది.
ట్రైనింగులో గీసుకున్నది, నా పెన్నుతోనే.

బయటికెళ్లి "అవ్వా" అని పిలవచ్చు.
వరండా దాటితే వంటగది, ఎంతో దూరం లేదు.
కానిస్టేబుల్‌ని పంపి పిలిపించాను.

గిన్నెలు తోముతున్నది తోముతున్నట్టే వచ్చింది.
వేలు తడి. సిరా నిలవక గోరు చుట్టూ పాకింది.
"తుడుచుకోండి," అన్నాను.
కొత్త చీర కొంగుకే తుడుచుకుంది.

రాత్రి పదకొండు దాటింది.
యూసుఫ్‌గూడ స్టేడియంలో
మిషన్లు అప్పగించే కౌంటరు.
ట్యూబులైటు చుట్టూ పురుగులు, చల్లారిన ఉప్మా వాసన,
నా ముందు ముప్పైమంది, నా వెనక ఇంకెందరో.
కౌంటరు వెనక కుర్రాడు, నా పాత శిష్యుల ఈడువాడు,
తలెత్తకుండా అడిగాడు:
"ఇక్కడ సువార్త, అక్కడ సువార్తమ్మ. ఎవరు మీరు?"

"సార్, రెండూ నేనే సార్."

ఆ గొంతు కూడా
నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

మళ్లీ సంతకం చెయ్యమన్నాడు.
పెన్ను కోసం బ్యాగులో తడిమితే
వేళ్లకి చాక్‌పీసు పొడి.
ఎక్కడ తుడుచుకోవాలో తోచలేదు.