హంద్రి గట్టున నైట్ డ్యూటీ

దారప్పోగుల మాదిరి ఉంటాయి.
ఎర్రగా, సన్నగా.
జల్లెడ కంతల్లో తల దూర్చి
ఊరంతా వదిలిన బురద తింటా
తోక మాత్రం ఇవతల తేట నీళ్లలో ఆడిస్తా.
ఊపిరి తీసుకునేది తోకతోనేనంట,
రఫియా మేడం చెప్పింది.
నేను నమ్మలా. టార్చి వేసి చూసినా.
వేల తోకలు.
గాలికి ఊగే కొర్రచేను.

మొదటి నెల గ్యాసు మీటరు పడిపోయింది.
"ఏం ఉరుకుందూ, నీ పురుగులు
మన గ్యాసు తాగేస్తాండాయే" అన్నాడు పెద్దసారు.
నావి ఎట్లైతాయి సార్?
మేడం అట్టముక్క మీద లెక్క గీసింది:
కొంత వాటి కూలి.
మిగిలింది గట్టి ఉండలై అడుక్కి దిగుతాది,
డైజెస్టర్లో తొందరగా అరుగుతాది,
ట్రాక్టరుకెత్తే బురద సగమైతాది.

సగం అనే మాటకు
మద్దిలేటి మొగం మాడిపోయింది.
దినానికి ఆరు ట్రిప్పులు తోలేవాడు నన్నూరు దిక్కు.
"నా ట్రిప్పులు గూడా తింటాండాయి గదప్పా!"
ట్యాంకులోకి వంగి ఉమ్మబోయి
ఎందుకో మింగుకున్నాడు.

ఎండలొచ్చినాయి.
నీళ్లు ముప్పై దాటితే సచ్చిపోతాయని
గోడ మీద ఎర్ర పెన్నుతో రాసింది మేడం.
ఏప్రిల్లో కర్నూలుకు ఆ అంకె చెప్పేదెవరు?
గోనెపట్టాలు తడిపి కప్పినాం.
మా ఇంటి పందిరి తడకలు గూడా పీకి తెచ్చినా.
మా వీధికి మూడు దినాలకొకసారి నీళ్లు,
వీటికి గంటగంటకూ తడి.
"అవి నీకేమైతాయి?" అనింది మా ఆమె.
జవాబు దొరకలా.

ఒక రాత్రి కరెంటు పోయింది.
గాలిపంపు ఆగింది.
జనరేటరు రెండు దగ్గులు దగ్గి పడుకుంది.
బకెట్లతో నీళ్లు ముంచి
పైనుంచి పోసినాం, నురగ లేచేటట్టు,
నేనూ, ట్రిప్పు లేక మిగిలిన మద్దిలేటీ.
రెండున్నర నుంచి కోడి కూసేదాకా.
మాటల్లేవు.

తెల్లారి జల్లెడ ఎత్తితే
చానా తెగిపోయి ఉన్నాయి.
"అయిపాయనా?" అన్నాడు.
మేడం నవ్వింది.
వీటికి తెగడమే కానుపు.
తల ముక్కకు తోక మొలుస్తాది,
తోక ముక్కకు తల.
మద్దిలేటి కుడిచెయ్యి పైకెత్తి
హైడ్రాలిక్కులో పోయిన రెండు వేళ్ల జాగా
చానాసేపు చూసుకున్నాడు.

క్యాంటీన్లో హుసేనమ్మ
పొయ్యి ముట్టించింది. నీలం మంట.
దాని పుట్టుక ఆమె ఎవురికీ చెప్పదు,
చెబితే టీ తాగరని.
"రాండప్పా, పాలు పొంగినాయి."

ఆ పొద్దు చక్కెర ఎక్కువేసింది.