సున్న

గంటస్తంభం వెనక సందులో
నాది పేర్లు చెక్కే కొట్టు.
నల్ల ప్లాస్టిక్కు మీద తెల్ల అక్షరం,
వెనక రెండు పిన్నులు, ఎనభై రూపాయలు.
డాక్టర్లవీ ప్లీడర్లవీ చెక్కేను గానీ
ఎక్కువ ఖాకీ చొక్కాలవే.
స్టేషన్లో సగం గుండెల మీద నా చేతిరాతే.

లెంక తవిటినాయుడు ఒకసారి
ప్లేటు తెచ్చి బల్ల మీద విసిరేడు.
‘లెక’ అని పడింది. సున్న మర్చిపోయేను.
"సున్న నేకపోతే నానెవుడ్ని?" అన్నాడు.
నిజమే కదా.
డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చెక్కేను.

మొన్న రాత్రి పన్నెండు దాటేక
మేడ మీద గది తలుపు బాదేరు.
మాల్దా కుర్రాళ్ళు ఐదుగురు, టైల్సు పని.
నా కొట్టు గచ్చు తజ్ముల్ వేసిందే.
గడప దగ్గర తడి సిమెంటులో వేలితో ఏదో రాసి
పైన రాయి పరిచి నవ్వేడు.
వాడి భాష నాకు రాదు. పేరే అయ్యుంటుంది.

వచ్చింది నలుగురు.
మెట్ల బల్బు వెలుతుర్లో చూసేను,
ఒక్క చొక్కా మీదా పేరు లేదు,
జేబు పైన రెండేసి చిల్లులు.

"పైనుంచి కాగితమొచ్చింది.
సరిహద్దు దాటినోళ్ళని ఏరి అప్పగించాల.
పేరు? బాబు పేరు? తాతెక్కడ పుట్టేడు?"
పేరు లేని నోరు
మూడు తరాల పేర్లు అడిగింది.
తజ్ముల్ ఆధార్ తీసేడు, రేషన్ కార్డు తీసేడు,
ఫోన్లో అమ్మ ఓటరు కార్డు ఫొటో చూపించేడు.
"ఇయ్యన్నీ ఎక్కడైనా సేయించొచ్చు" అన్నాడొకడు.
ఆ గొంతు నాకు తెలుసు.

"ఎక్కడికి బాబూ?" అన్నాను.
"ఎల్లి తొంగో."

వ్యాను నెంబరంతా బురద.
వారమైంది వాన పడి.

మర్నాడు స్టేషన్లో ఎవర్నీ తేలేదన్నారు.
పైన ఛార్జింగులో వదిలేసిన ఫోను
పూటపూటా మోగుతుంది.
ఎత్తి ఏ భాషలో చెప్పను?

ఇవాళ తవిటినాయుడు వచ్చేడు.
"పిన్ను ఇరిగిపోనాది. కొత్తది సెయ్."
కాగితం తీసేను, పెన్సిలు చెక్కేను.
"పేరు?"
"నీకు తెల్దేటి?"
"మొన్న మెట్ల మీద కనపళ్ళేదు బాబూ."

అతను గచ్చు వైపు చూసేడు.
తజ్ముల్ రాయి మీదే ఉన్నాయి బూట్లు.
చాలాసేపటికి
"లె..." అన్నాడు.

పైన ఫోను మోగింది.