నాలుగో నెల

పిల్లాడికి నాలుగో నెల వచ్చేసరికి
నా జుట్టు నన్నొదిలి ఇల్లంతా తిరగడం మొదలెట్టింది.
అన్నం పళ్ళెంలో, ఊయల చీరలో,
స్నానాల గది తూముకి అడ్డంపడి,
వాడి గుప్పిట్లో చెమటకి అంటుకుని.
మా ఆయనకి చెబితే
ఫోన్లోంచి తల ఎత్తకుండా
"అందరికీ రాలుతుందిట" అన్నాడు.
ఆ అందరిలో నేనెక్కడున్నానో
కాసేపు వెతుక్కున్నాను.

పర్లాకిమిడిలో మాది కొమ్ము పని చేసే ఇల్లు.
వసారాలో మావయ్య
గేదె కొమ్ముని బొగ్గుల సెగకి చూపిస్తాడు.
అది మెత్తబడే వాసనా
వెంట్రుక కమిలిన వాసనా ఒకటే.
కాపురానికొచ్చిన కొత్తలో ముక్కు మూసుకునేదాన్ని.
ఇప్పుడు దువ్వెనకొచ్చిన జుట్టు ఉండచుట్టి పారేస్తుంటే
ఇదీ మా ఇంటి సరుకే కదా అనిపిస్తుంది.

అత్తయ్య తవిటమ్మకి కబురు పెట్టింది.
గురువారం తలకి నూనె రాస్తే లక్ష్మి అలుగుతుందని
పక్కింటి సుకాంతి మౌసీ,
మంగళవారం అసలొద్దని అత్తయ్య,
ఇద్దరికీ పేచీ లేని బుధవారం దొరికింది నాకు.

పాతపట్నం నుంచి వంతెన దాటి
నడిచి వస్తుంది తవిటమ్మ,
చంకలో స్టీలు క్యారేజీ.
అడుగు గిన్నెలో నువ్వుల నూనె,
గుంటగలగరాకు నల్లబడి, నాలుగు మెంతులు.
పాలసీసా చూసినట్టు
మోచేతి మీద ఒక చుక్క వేసి చూసుకుంటుంది.
"కూకో తల్లీ" అంటుంది.
పాపిడి తీసి ఒక్క క్షణం ఆగుతుంది.
నాకు తెలుసు ఏం చూస్తోందో.
ఎండలు ముదిరాక మహేంద్రతనయలో
నీటికన్నా ఇసుకే ఎక్కువ కనబడుతుంది.

గోరు తగలనివ్వదు.
జుట్టుని రుద్దదు.
ఎముక మీద చర్మాన్ని కదుపుతుంది,
పడుకున్న మనిషి కింద
దుప్పటి సర్దినట్టు.
చెవుల వెనక, కణతల మీద,
నడినెత్తిన చిన్న చిన్న సున్నాలు.
మెడ వెనక గుంటలో బొటనవేళ్ళు ఆన్చి
"ఇక్కడేటి దాసినావు?" అంది మొదటి బుధవారం.
జవాబు చెప్పలేదు.
ముక్కు చీది, నూనె ఘాటు అన్నాను.

ఆ అరగంటా నన్నెవరూ పాలడగరు.

మిగిలిన నూనె వాడి మాడు మీద అద్దుతుంది.
ఇంకా పూడని ఆ మెత్తని చోట
గుండె కొట్టుకోవడం పైకే కనబడుతుంది.
నా తల మీదా ఒకప్పుడు అంత చోటుండేది.

"జుట్టొస్తాదా?" అనడిగాను, ఆమె యాసలోనే.
"నా సేతిలో ఏటుంది?
కడుపుతో ఉన్నపుడు రాలాల్సినివి ఆగిపోనాయి.
ఇపుడు బాకీ తీరస్తన్నాయి.
తిన్నగా తిను. తడిజుట్టు దువ్వకు.
ఆ కొప్పు అంత బిగించకు,
పారిపోద్దా ఏటి?"

ఐదో బుధవారమో ఆరోదో,
అద్దం ముందు కొత్త దువ్వెన.
బజారుకి కొంగలూ నెమళ్ళూ చెక్కే మావయ్య
పళ్ళు ఎడంగా ఎడంగా కోసి,
మొనలు గుండ్రంగా అరగదీసి పెట్టాడు.
నేల మీది ఉండల్ని ఆయనా చూస్తున్నాడన్నమాట.
నేనేమీ అనలేదు, ఆయనా అనలేదు.
ఆ సాయంత్రం టీలో
పంచదార కాస్త ఎక్కువ వేశాను.

వానలు పడ్డాయి. నుదుటి అంచున
చిన్న చిన్న వెంట్రుకలు లేచాయి,
దువ్వితే పడుకోవు, నూనెకి లొంగవు.
వాటిని లెక్కలోకి తీసుకోవాలో వద్దో తెలియక
మా ఆయనకి చూపించలేదు.

నిన్న తవిటమ్మ క్యారేజీ మూత తీస్తుండగా
ఒళ్ళో ఉన్నవాడు రెండు చేతులా జుట్టు పట్టి లాగాడు.
"అబ్బా!" అన్నాను, కళ్ళమ్మట నీళ్ళు.
"నొప్పెట్టిందేటి?"
"ఆ."
"మరింకేటి, ఏళ్ళు గట్టిగున్నాయి" అని నవ్వింది.
ఏ వేళ్ళ సంగతి అందో అడగలేదు.
వాడి పిడికిలి విప్పుతున్నాను,
ఒక్కొక్కటే.