సహవాసం గడి

"నీ దగ్గర ఎవరెవరు కూసుంటరు, సడవలీ?"
నా రిజిస్టర్ మరాఠీల ఉంటది.
ఆ గడి పేరు సహవాసిత్. మన సహవాసమే.
సిరొంచ దాటినంక, ప్రాణహిత ఒడ్డున
జవాబులన్నీ తెలుగులనే వస్తయి.

వీపు మీద రూపాయి బిళ్లంత తెల్లబారిన మచ్చ.
దూదితోని రాస్తున్నా, కండ్లు మూసుకొని
"ఇంకా ముట్టలేదేంది తాయీ" అన్నడు.

పెండ్లాం పోచుబాయి. ఇద్దరు పిల్లలు.
తునికాకు కట్టలు కట్టే లస్మక్క.
చుట్టకు నిప్పడిగే గోడవతలి ముసలాయన.
ఇరవై మంది. నా ముందరే గోళీలు మింగిండ్రు.
రేపు ఒంటికి ఎర్రగ పోతది, బెదరకుండ్రి అంటే
పిల్లలు చూసుకునేతందుకు ఇప్పుడే ఉరికిండ్రు.

తమ్ముడు బానయ్య చెయ్యి చాపలే.
"పడవ కాడ కొట్లాడినం. మూడేండ్లాయె.
వాని గాలి గూడ తగలలే నాకు.
మందు దగ్గరోళ్లకు గదా?"
ఆ పేరు మీద గీత గీసిన.

నడిరాత్రి కుక్క మొరిగింది.
తలుపు కాడ బానయ్య. తడి లుంగీ, చేపల వాసన.
"అమాసకు అమాసకు వలేస్తం" అన్నడు
నేలను చూసుకుంట.
"పడవల ఒక్కటే గొంగడి.
ఇండ్లల్ల తెల్వది."

రెండు గోళీలు, చెంబెడు నీళ్లు.
గుటక చప్పుడైనంక గూడ కదల్లే.
"వాడు మల్ల తెడ్డు పడతడా?"
పడతడన్న. పోయిండు.

పొద్దుగాల గీత చెరపబోతే
కాయితం చిరిగింది.
దాని కింద మళ్ల రాసిన:
బానయ్య. తమ్ముడు.
సహవాసం గడిల
ఒక గొంగడి పట్టేంత జాగ లేదు.